నల్ల గుర్రం తెల్లబోయిన రోజు

గుర్రప్పందాల గురించి నాకు తెలిసినదంతా ఒక వెండి కప్పు తుడుస్తూ నేర్చుకున్నదే. నేనెప్పుడూ గుర్రమెక్కలేదు, పందెం కాయలేదు. మా యాంగోన్‌లో పందెపు గుర్రాలు పరిగెత్తడం ఎప్పుడో ఆగిపోయింది. అయినా, పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లాండులో జరిగిన ఒక పందెం ఫలితాన్ని తేల్చేసే అవకాశం, అదీ ఉడికించిన కోడిగుడ్లతో, ఒకసారి నా చేతికొచ్చింది. ఉద్యోగం గురించి ఏదైనా రాయమని మన తెలుగు సంఘం కుర్రవాళ్లు అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చింది అదే. నేను సాధించిన ఘనకార్యాలు రాద్దామనుకున్నాను గానీ, అరపేజీ కూడా నిండలేదు.

నేను పనిచేసింది నగరం నడిమధ్య చౌక్తడా పేటలో, కోర్టుల వీధికి వెనకగా ఉన్న ఒక పాత హోటల్లో. దాని పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. అందరూ బతికే ఉన్నారు, కొందరు నాకింకా టీ ఇప్పిస్తున్నారు. నా ఉద్యోగం ‘వెండి గది పెద్ద’. వినడానికి రాజుగారి ఖజానాలా ఉంటుంది గానీ, అది వంటగది వెనక కిటికీ లేని చిన్న గది. పొద్దున చెంచాలు, మధ్యాహ్నం ఫోర్కులు, సాయంత్రం టీ కూజాలు. తోమడం, తుడవడం, గుడ్డలో చుట్టడం. అలా తోమి తోమి చివరికి నా తలకి కూడా వెండి పూత పడింది. దానికి మాత్రం పాలిష్ అక్కర్లేకపోయింది.

ఆ గదికి ఒక ఆచారం ఉండేది. అది హోటల్ది కాదు, మా తాతలది. వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బోటాటౌంగ్ రేవులో మూటలు మోశారు. మేస్త్రీ కింద జట్టుగా మోసేవాళ్లు. మూట చిరిగినా, పెట్టె నీళ్లలో పడినా, తెల్లదొర వచ్చి “ఎవడు?” అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: “జట్టు.” మనిషి పేరు బయటికొచ్చేది కాదు. దొర వెళ్లిపోయాక ఆ మూట జారవిడిచినవాణ్ణి జట్టువాళ్లే కడిగి ఆరేసేవారు, అది వేరే సంగతి. ఆ మనవలే హోటల్లో చేరారు కాబట్టి ఆ మాట కూడా వెండి గదిలో చేరింది. టీ కూజాకి సొట్ట పడితే “జట్టు”. ఫోర్కు కనబడకపోతే “జట్టు”. రానురాను గదిలో తెలుగువాళ్లు తగ్గి బర్మావాళ్లు పెరిగారు, మాట మాత్రం ఉండిపోయింది. బర్మావాళ్లు నోరు తిరగక ‘జాటూ’ అనేవారు, ఏదో పూజా మంత్రంలాగ.

మా జట్టులో ఈ కప్పు గొడవ నాటికి మిగిలిన తెలుగువాళ్లు ఇద్దరే. నేనూ, మా చెల్లెమ్మా. రక్తసంబంధం లేదు. ఆమె తాతా మా తాతా ఒకే మేస్త్రీ చేత తిట్లు తిన్నారు, ఆ చుట్టరికం. ఆమె నదికి అవతల దలాలో ఉండేది. రోజూ పొద్దున పడవెక్కి వచ్చి, సాయంత్రం పడవెక్కి వెళ్లేది. భర్త చేపల వేటకి వెళ్లేవాడు. ఊపిరితిత్తులు చెడి ఇంటిపట్టున ఉండిపోయాక ఇల్లంతా ఆమె ఉద్యోగం మీదే నిలబడింది. ఆ ఉద్యోగమేమో తాత్కాలికం. మా హోటల్లో తాత్కాలికం అనే మాటకి ఆయుష్షు ఎక్కువ. ఆమె చేరినప్పటి ఎలుకలు కూడా అప్పటికి మారిపోయాయి గానీ, ఆమె ఇంకా తాత్కాలికమే.

నేను రిటైరవ్వాల్సిన ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. సింగపూర్‌లో చదువుకొచ్చిన మాండలే మనిషి. మేమంతా ‘సయా’ అనేవాళ్లం, అంటే గురువుగారూ, అయ్యగారూ అన్నట్టు. వానాకాలం అయ్యేసరికి తాత్కాలికపు వాళ్లెవరూ ఉండకూడదన్నాడు. పనికొచ్చేవాళ్లని ఖాయం చేస్తానన్నాడు, మిగిలినవాళ్లని పంపించేస్తానన్నాడు. చెల్లెమ్మ ఆ రోజు నుంచీ చెంచాని రెండుసార్లు తోమడం మొదలుపెట్టింది.

ఇక కప్పు సంగతి. హోటల్ బారులో, సీసాల వెనక, గోడకి పెద్ద అద్దం ఉంది. దాని ముందు అరలో ఆ కప్పు. బయటికి కనబడే వైపు పందెం పేరూ, ఏడాదీ చెక్కి ఉన్నాయి. గెలిచినవాడి పేరుకి వదిలిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. అసలు పనితనమంతా వెనక వైపు, అద్దానికి ఎదురుగా ఉంది: మధ్యలో గెలుపు గుంజ, దానికి చెరో పక్క ఒక్కో గుర్రం. రెండూ ఒకే కొలత, ఒకే భంగిమ, కవల పిల్లల్లా. తేడా ఒక్కటే. ఒకటి తళతళలాడే వెండి. రెండోదాన్ని ఆ కప్పు చేసిన కంసాలి మందు పెట్టి నల్లగా చేశాడు. ఆ నలుపు మీద పాలిష్ తగలకూడదని నా ముందు పనిచేసిన పెద్దాయన నాకు చెప్పాడు. అందుకని ఆ కప్పుని వేరెవరికీ అప్పగించకుండా నేనే మెత్తని గుడ్డతో తుడిచేవాణ్ణి. ఎవరో బియ్యం వర్తకుడు ఇంగ్లాండులో కొని తెచ్చి, ఇక్కడ దివాలా తీసి, బారులో బాకీ కింద వదిలేశాడని చెప్పుకునేవారు. గుర్రాలు అంతదూరం సముద్రం దాటి వచ్చి సారా అంగడిలో తేలాయన్నమాట.

ఆ వానాకాలంలోనే ఒక ఇంగ్లీషు పెద్దావిడ వస్తున్నానని కబురు పెట్టింది. ఆవిడ ఆ పందెం చరిత్ర రాస్తోంది. రాసినంతవరకూ ముందుగా పంపింది. ఆవిడ పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పాల్సింది నువ్వే అని సయా ఆ కాగితాలు నా చేతిలో పెట్టాడు. నిఘంటువు ఒక పక్క, నిద్ర ఒక పక్క పెట్టుకుని చదివాను.

ఆ పందెం మొదలైన రోజుల్లో గుర్రం ఒకసారి పరిగెడితే చాలేది కాదట. నాలుగు మైళ్లు పరిగెత్తడం, కాసేపు ఒళ్లు తుడిపించుకోవడం, మళ్లీ నాలుగు మైళ్లు. రెండుసార్లు గెలిచిందే గెలిచినట్టు. తర్వాత దూరం తగ్గింది, గుర్రాల వయసు తగ్గింది. రైళ్లొచ్చాక జనం మాత్రం పెరిగారు. పరుగయ్యాక రౌతుని జీనుతో సహా తక్కెడలో కూర్చోబెట్టి తూచి, బరువు సరిపోతేనే గెలుపు. బాగా పరిగెత్తే గుర్రానికి జీనులో సీసం బిళ్లలు పెట్టి బరువు పెంచే పద్ధతి కూడా ఉండేదట. అంటే బాగా పనిచేసేవాడి నెత్తిన ఇంకాస్త పని. ఇది చదివాక, ఇంగ్లీషువాళ్లు పెట్టిన హోటళ్లు అలా ఎందుకు నడుస్తాయో నాకు బోధపడింది.

ఫొటోలు తీసి తేల్చే రోజులు కావవి. గుంజకి ఎదురుగా ఒక చెక్క గదిలో తీర్పరి నిలబడేవాడు. ఆయన కంటికి ఏది కనబడితే అదే ఫలితం. రెండూ ఒకేసారి కనబడితే అదే సాయంత్రం ఆ రెంటినీ మళ్లీ పరిగెత్తించేవారు. మా కప్పు ఏడాది జరిగింది అదే. ఒక నల్ల గుర్రం, ఒక తెల్ల గుర్రం సమంగా వచ్చాయి. సాయంత్రం వానలో మళ్లీ పరిగెత్తాయి. తీర్పరి ఒకదాని పేరు చెప్పాడు. ఆ అరుపుల్లో ఎవరికి ఏది వినబడిందో గానీ, ఒక పత్రిక నల్లదన్నది, ఇంకో పత్రిక తెల్లదన్నది. తీర్పరి రాసుకున్నది దొరకలేదు. యజమానులిద్దరూ గెలుపు మాదేనంటూ పోయారు.

ఆవిడ కనిపెట్టింది ఏమిటంటే, ఆ కప్పులు చేసిన కంసాలి ప్రతి ఏడూ గెలిచిన గుర్రాన్ని గుంజకి కుడి పక్కనే నిలబెట్టేవాడు. మిగతా కప్పులన్నీ చూసింది. చూడనిది మాదొక్కటే. నల్ల గుర్రం కుడి పక్కన ఉంటే నల్లది గెలిచినట్టు, ఎడమ పక్కన ఉంటే తెల్లది గెలిచినట్టు. ఫొటో పంపొద్దు, నా కళ్లతోనే చూస్తానని రాసింది. ఒక మనిషి ఒక జవాబు కోసం అంతదూరం ప్రయాణం కట్టడం నాకు ముచ్చటేసింది.

ఆవిడ రాకకి ముందు నేను కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టాను. ఆ సమయంలో మా సూపర్‌వైజరు, ఈవిణ్ణి మేం ‘అమా’ అనేవాళ్లం, అక్కా అని, బారులో ఉన్న ప్రతి వస్తువూ మెరవాలని హుకుం జారీ చేసింది. నేను నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చి, బారులోకి వెళ్లి, కప్పు వెనక్కి తిప్పి చూశాను. రెండు తెల్ల గుర్రాలు.

ముందు నా కొత్త కంటిని అనుమానించాను. డాక్టరు కంట్లో పొర తీశాడు కదా, వెలుతురు ఎక్కువగా కనబడుతోందేమో అనుకున్నాను. కళ్లద్దాలు పెట్టి చూశాను, తీసి చూశాను. నా కంటి మీద పొర డాక్టరు తీస్తే, గుర్రం మీద పొర ఇంకెవరో తీసేశారు.

“ఎలగుంది అన్నియ్యా?” అంటూ చెల్లెమ్మ వెనకాలే వచ్చింది. మొహం వెలిగిపోతోంది. “అద్దంలాగ లేదేటి?”

“సెల్లీ, నల్ల గుర్రమేదీ?”

“నల్ల గుర్రమేటి? ఆ మకిలా? అది పాలిష్‌కి లొంగలేదు. నానే మా ఇంటికాడ మిల్లు నుంచి ఊక బూడిద తెచ్చినాను. సింతపండు పెట్టి, కొబ్బరి పీసుతో తోమీసినాను. అమ్మోరి పండక్కి దేవుడి సామాను తోముతాం సూడు, అలగ.”

నేను బారు స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆమె నా మొహం చూసి, ఏదో జరిగిందని గ్రహించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చేతులు పొడిగానే ఉన్నాయి.

విషయం చెప్పాను. అంతా విని ఆమె ఒకటే అడిగింది.

“అయితే నన్ను తీసెత్తారేటి?”

సూపర్‌వైజరు అమా వచ్చి, గుండె పట్టుకుని, హుకుం ఇచ్చింది తనే కాబట్టి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. బార్‌మన్ కూడా వచ్చాడు. ఇతను నాకంటే బాగా చిన్న, నన్ను ‘అకో’ అని పిలుస్తాడు, అన్నా అని. తలుపు వేసి నలుగురం మంతనాలకి కూర్చున్నాం. కప్పు సంగతి కప్పిపుచ్చడం ఎలా అన్నదే మంతనం.

వెండిని నల్లగా చేయడం నాకు తెలుసు. వెండి గదిలో పనిచేసినవాడు మొదట నేర్చుకునే పాఠం, వెండి చెంచాతో గుడ్డు తిననివ్వకూడదని. గుడ్డు వెండికి పగవాడు. పచ్చసొన చిదిపి మూత పెట్టిన డబ్బాలో వెండితో పాటు ఉంచితే, దాని ఆవిరికే నల్లబడుతుంది. మిగతా కప్పంతా మైనం పూసి, ఒక్క గుర్రాన్నే వదిలేస్తే సరి. చెల్లెమ్మ పరుగున వెళ్లి వంటగదిలో గుడ్లు ఉడికించి తెచ్చింది. పెంకు వలుస్తూ అడిగింది.

“ఏ గుర్రానికి?”

“ఎడమదానికి,” అన్నాను నేను.

“కుడిదానికి,” అన్నాడు బార్‌మన్, అదే క్షణంలో.

ఒకరినొకరు చూసుకున్నాం.

“నీలే,” అన్నాను, తమ్ముడూ అని, “నీ పుట్టుకకి ముందు నుంచీ ఈ గుర్రాల్ని తుడుస్తున్నాను.”

“తుడవడం నువ్వు తుడిచావు అకో. నేను రోజంతా చూస్తూ నిలబడ్డాను. బారులో కస్టమర్లు లేనప్పుడు నాకున్న స్నేహితులు ఆ రెండు గుర్రాలే.”

“నిజం చెప్పాలంటే,” అంది అమా గొంతు తగ్గించి, “గుర్రాలు మూడున్నాయనుకున్నాను.”

ఫోన్లు తీశాం. బారులో ఎంతమంది ఎన్ని ఫొటోలు దిగారు! అన్నింటిలోనూ కప్పు ఉండాల్సిన చోట ఎవరిదో బుర్ర ఉంది. హోటల్ ప్రకటనల కాగితం మీద కప్పు బొమ్మ ఉంది గానీ, అది అక్షరాల వైపు. చెల్లెమ్మని అడిగాం. ఆమె చిరాకుపడింది.

“మకిలని తోమీసినాను. మకిల ఏ పక్కనుందో ఎవులు గుర్తెట్టుకుంతారు?”

బార్‌మన్ లేచి, “రండి, చూపిస్తాను” అని కప్పుని దాని అరలో, దాని పద్ధతిలో, గుర్రాలు అద్దంవైపు ఉండేలా పెట్టాడు. తన చోట నిలబడి అద్దంలోకి చూస్తూ, “ఇదిగో, ఈ కుడిది” అని చెయ్యి కప్పు వెనక్కి పోనిచ్చి ఆ గుర్రం మీద వేలు పెట్టాడు. నేను పక్కకి వంగి కప్పు వెనక వైపునే చూశాను. అద్దంలో కుడి పక్కన కనబడుతున్న అతని వేలు, కప్పు మీద మాత్రం ఎడమ గుర్రం మీద ఉంది.

ఒక్క క్షణం నేను గెలిచాననుకున్నాను. “చూశావా? నువ్విన్నాళ్లూ చూసింది అద్దంలో బొమ్మ!”

అతను ఓడిపోయినట్టు కనబడలేదు. నెమ్మదిగా అడిగాడు: “అకో, నువ్వు దీన్ని కిందకి దించి తుడిచేవాడివా, అక్కడే ఉంచి, ఇలా అద్దంలో చూస్తూ తుడిచేవాడివా?”

“ఒకసారి అలా. ఒకసారి ఇలా.”

“నేను కూడా అంతే. ఎన్నోసార్లు తిప్పి చూశాను.”

అప్పుడు నాకు అర్థమైంది. నా బుర్రలో ఉన్న ఎడమ, కప్పు మీది ఎడమా అద్దంలో ఎడమా అన్నది నాకే తెలీదు. అతని కుడి అతనికి తెలీదు. సగం జీవితం ఆ గుర్రాల ఒళ్లు రుద్దిన నేను, ఏ గుర్రాన్ని రుద్దలేదో చెప్పలేకపోయాను.

“గుడ్లు సల్లారిపోతన్నాయి,” అంది చెల్లెమ్మ. “ఏదో ఒకటి నల్లగ సేసీ అన్నియ్యా. బేగి. ఆవిడికి తెలిసేదేటి?”

“తెలీదు. అందుకే సెయ్యకూడదు.”

“అదేటి?”

“ఆవిడ మన గిన్ని సూసి పుస్తకంలో రాసేసుకుంటాది. ఆ గుర్రమే గెలిసిందని ఇంక ఎప్పటికీ అదే నిలిసిపోద్ది. మనం ఇక్కడ కోడిగుడ్డు పెట్టి అక్కడ పందెం గెలిపించినట్టు.”

ఆమె గుడ్ల పళ్లెం కింద పెట్టింది.

“ఆ గుర్రాలు సచ్చి ఎన్నాళ్లయినాదో. నాను బతికున్నాను. నా ఉద్దోగం కన్న సచ్చిన గుర్రం ఎక్కువేటి నీకు?”

ఆమె ఇంట్లో ఆ జబ్బుమనిషి కూర్చునే కుర్చీ నేను చూశాను. ఇంగ్లాండు పందెపు మైదానం నేను చూడలేదు. అయినా చెయ్యి రాలేదు. మెల్లగా మైనం డబ్బా మూత పెట్టేశాను. ఆమె నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. మిగిలిన ముగ్గురం ఏం చేయాలో తోచక ఆ గుడ్లకి ఉప్పు అద్దుకుని తినేశాం. పథకాన్ని ఆ రకంగా జీర్ణం చేసుకున్నాం.

ఆవిడ వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. సన్నగా, పొడుగ్గా, గొడుగే చేతికర్రగా పట్టుకుని వచ్చింది. సయా కొత్త కోటు వేసుకున్నాడు. బారులో మేం నలుగురం వరసగా నిలబడ్డాం. చెల్లెమ్మ చివర్న, నాకు దూరంగా.

నేను నాలుగు మాటలు బట్టీ పట్టి ఉన్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. ఆవిడ వాటి కోసం ఆగనూ లేదు. తిన్నగా అర దగ్గరికి వెళ్లి, చేతికి తొడుగు వేసుకుని, కప్పుని దించి, బల్ల మీద పెట్టి, వెనక్కి తిప్పింది. కళ్లజోడు మార్చుకుని వంగింది. వంగినామె అలాగే ఉండిపోయింది.

“రెండూ వెండిగానే ఉన్నాయే,” అంది.

నేను చెప్పేశాను. నలుపు ఉండేదని, తోమడంలో పోయిందని, ఏ పక్కదో మాకు తెలియడం లేదని, నేను ఎడమంటున్నాననీ, బార్‌మన్ కుడంటున్నాడనీ, అద్దం మా ఇద్దర్నీ నమ్మనివ్వడం లేదనీ. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం కంటే అలసట ఎక్కువ కనబడింది ఆ మొహంలో. అది చూడ్డమే కష్టమైంది.

సయా మొహం మాత్రం ఎర్రబడింది. బర్మీస్‌లోకి మారి అడిగాడు: “ఎవరు తోమారు?”

“జట్టు,” అన్నాను.

“ఏమిటది? నేను మనిషి పేరు అడిగాను.” అమా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. ఎవరు?”

అమా ఉద్యోగంలో నాకంటే పై మెట్టు. ఆ గదిదాన్ని కాదని తప్పుకోవచ్చు. గట్టిగా ఊపిరి తీసుకుంది. “జాటూ, సయా.”

“నువ్వు?”

“జట్టు,” అన్నాడు బార్‌మన్. అతని పలుకు స్పష్టంగా ఉంది, మా తాత విన్నా తప్పు పట్టడు.

అప్పుడు చెల్లెమ్మ ముందుకొచ్చింది. సయా వైపు కాదు, నా వైపు తిరిగింది. కంగారులో బర్మీస్ పోయి ఇంటి భాష వచ్చేసింది.

“నా కోసం ఇంతమంది అబద్దమాడక్కర్లేదు. నానే తోమినాను. దొంగతనం సెయ్యలేదు. దేవుడి గిన్ని తోమినట్టు తోమినాను. ఆ మాటే సెప్పు ఆయనికి.”

“ఏమంటోంది?” అన్నాడు సయా నన్ను చూసి.

ఆమె చెప్పమన్నది చెప్పాలా, జట్టు చెప్పాల్సింది చెప్పాలా? నేను తేల్చుకునే లోపే బార్‌మన్ అందుకున్నాడు. చిన్నప్పుడు మా వీధిలో గోళీలాడి తెలుగు నేర్చినవాడు, ఒక్క మాట పొల్లు పోకుండా అర్థమైంది అతనికి.

“జట్టు అంటోంది సయా,” అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

పెద్దావిడకి భాష తెలీదు గానీ మనుషులు తెలిసినట్టుంది. అందరి నోటా తిరిగిన ఆ ఒక్క మాటేమిటని నన్ను అడిగింది. రేవు సంగతీ, మేస్త్రీ సంగతీ, మూటల సంగతీ చెప్పాను. చెల్లెమ్మని చూస్తూ, “దేనితో తోమారు?” అని అడిగింది. ‘మీరు’ అని జట్టునే అడిగిందో, ఆమెనే అడిగిందో, ఇంగ్లీషులో రెండూ ఒకటే. చెల్లెమ్మ ఊక బూడిద గురించి చెప్పింది. మకిల ఏ పక్కనుందో ఎవరు గుర్తుపెట్టుకుంటారన్న మాట కూడా మళ్లీ అనేసింది. నేను అనువదించాను. ఆవిడ భుజాలు కదిలాయి. కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వింది.

“ఆ రెండు పత్రికలవాళ్లు కూడా ఇంతే,” అంది. “ఒకే చోట నిలబడి చూశారు. ఒకడు నల్లదన్నాడు, ఒకడు తెల్లదన్నాడు. మీరు నయం. తెలియదంటున్నారు. ఒకదానికి నలుపు పూసి నన్ను నమ్మించి ఉండొచ్చు.”

నేను నేల చూశాను. అమా పైకప్పు చూసింది. బార్‌మన్ ఒక గ్లాసు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

ఇంక దీనికి నలుపు పెట్టొద్దని సయాకి చెప్పింది. పుస్తకంలో ‘తేలలేదు’ అని రాసుకుంటానంది. ఆ పందెం గురించి చాలాచోట్ల అదే రాయాల్సివచ్చిందట. ఆవిడ టీ తాగి, వాన తగ్గాక వెళ్లిపోయింది. పైకి నవ్వింది గానీ, గుమ్మం దాటేముందు వెనక్కి తిరిగి కప్పుని ఒకసారి చూసింది. అంతదూరం వచ్చిన మనిషి ఉత్త చేతులతో వెళ్తుంటే ఎలా ఉంటుందో ఆ చూపులో ఉంది.

సయా మమ్మల్ని వదల్లేదు. “జట్టు చేసిందంటే శిక్ష కూడా జట్టుకే,” అన్నాడు. ఆ ఏడాది బర్మావాళ్ల దీపాల పండక్కి మా ఎవరికీ సెలవు లేదు. ఊరంతా దీపాలు పెట్టుకుంటుంటే మేం ఫోర్కులు తోమాం. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, “అందరినీ పంపించేస్తే ఇవన్నీ నేనే తోమాలి కదా” అని తనలో తను అనుకున్నట్టు పైకే అని వెళ్లాడు. ఆ తర్వాతి వారమే చెల్లెమ్మ ఉద్యోగం ఖాయమైంది. ఆమెను పిలిచి, “ఊక బూడిద హోటల్లోకి తేకు” అన్నాడట. అంటే ఆయనకి మొదటి నుంచీ తెలుసన్నమాట.

ఇక జట్టు లోపలి లెక్క వేరే. అమా చెల్లెమ్మని ఆ నెలంతా తిట్టింది. చెల్లెమ్మ నన్ను తిట్టింది, మాటలతో కాదు, మౌనంతో. దీపాల పండగ రోజున నా పక్కన కూర్చుని, నేను తోమిన చెంచా తీసుకుని వెలుతురులో చూసి, “మకిలుంది” అని మళ్లీ నా ముందు పడేసినప్పుడు తెలిసింది, నాతో మాటలు కలిశాయని.

నేను రిటైరై కొన్నేళ్లయింది. ఇప్పుడు వెండి గది పెద్ద చెల్లెమ్మే. నేను అప్పుడప్పుడు బారుకి వెళ్తాను, టీకే. యాంగోన్ గాలి తడి గాలి, వెండిని ఊరికే ఉండనివ్వదు. కప్పంతా ఆమె మెత్తని గుడ్డతో తుడుస్తుంది గానీ, ఆ రెండు గుర్రాల జోలికి పోదు. పెద్దావిడ వద్దన్నది నలుపు పెట్టడం. దానంతట అది వస్తే ఎవరేం చేస్తారు? రెండూ వాటంతట అవే మెల్లగా మసకబారుతున్నాయి. ఏది ముందు నల్లబడుతుందని నేనూ బార్‌మన్‌ టీ పందెం వేసుకున్నాం. నాది ఎడమది. అతనిది కుడిది. ఈసారి అద్దంలో కాదు, కప్పు మీదే చూడాలని షరతు.

కిందటి వారం కప్పు దించి, బల్ల మీద తిప్పి పెట్టి, ఇద్దరం తలలు ఆనించి చూశాం. రెండూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. ఎంత చూసినా వెంట్రుకవాసి తేడా లేదు. చెల్లెమ్మ గుడ్డ భుజాన వేసుకుని వచ్చి మా వెనక నిలబడింది.

“ఇంకెన్నాళ్లు సూత్తారేటి?” అంది. “సెప్పండి, ఇప్పుడే తోమీసి పడెత్తాను.”

“వద్దు!” అన్నాం ఇద్దరం.

ఎవరు ముందన్నారో తేల్చడం కష్టం.